దీవికి పోదాం... పదిలంగా వద్దాం!

చుట్టూ నీలి సముద్రం, పాల నురగలాంటి ఇసుక, నీళ్ల కింద రంగురంగుల చేపలు... అండమాన్ అనగానే పిల్లల కళ్లలో మెరుపు. పెద్దల గుండెల్లో మాత్రం చిన్న బెరుకు. ఆ బెరుకు మంచిదే. దాన్ని కాస్త జాగ్రత్తగా మార్చుకుంటే విహారం జీవితాంతం తలచుకునే తీపిగుర్తు అవుతుంది.

ఒకప్పుడు నిజామాబాద్ నుంచి కుటుంబమంతా కలిసి వెళ్లడమంటే తిరుపతి, షిరిడీ, మహా అయితే ఊటీ. ఇప్పుడు లెక్క మారింది. హైదరాబాద్ దాకా 175 కిలోమీటర్లు వెళ్తే చాలు, అక్కడ విమానం ఎక్కిన రెండున్నర గంటలకు బంగాళాఖాతం అవతల దిగొచ్చు. ఎల్‌టీసీ మీద వెళ్లే ఉద్యోగులు, గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన కొడుకుతో కలిసి బయల్దేరే తల్లిదండ్రులు, చెరకు బిల్లో పసుపు డబ్బులో చేతికందాక 'పిల్లలు అడుగుతున్నారు కదా' అని టిక్కెట్లు కొనే రైతులు... అందరి నోటా అండమాన్ మాటే.

వెళ్లేముందు అన్నీ చూసుకుంటాం. హోటల్లో అన్నం దొరుకుతుందా, గదిలో ఏసీ ఉందా, ఫొటోలకు ఏ బట్టలు బాగుంటాయి... ఇలా. నీళ్ల గురించి అడిగేవాళ్లే తక్కువ. పర్యటకుల పడవలు మునిగిన సంఘటనలు, ఒడ్డున జరిగిన విషాదాలు తిరగేస్తే రెండే కారణాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి తెలియని నీళ్లు. రెండోది తొందర.

చెరువు వేరు... కడలి వేరు!

నిజానికి మన జిల్లాకు నీళ్లు కొత్తేం కాదు. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేదే కందకుర్తి దగ్గర. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ అక్కడే. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, మంజీర మీద నిజాంసాగర్, ఊరి పక్కనే అలీసాగర్... బోధన్ చుట్టూ చెరకు పచ్చగా ఉందంటే ఆ కాలువల చలవే. నడుముకు జీలుగు బెండ్లో ఎండిన సొరకాయ బుర్రలో కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది.

చిక్కంతా అక్కడే. బావిలో ఈత వచ్చినవారికి సముద్రం కూడా అలాంటిదే అనిపిస్తుంది. కానీ బావి నీళ్లు కదలవు. కాలువ నీళ్లు ఒకే దిక్కుకు పోతాయి. సముద్రం అలా కాదు. ముందుకొస్తుంది, వెనక్కి లాగుతుంది, పక్కకూ తోస్తుంది. రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతున్న చోటే సాయంత్రానికి పీకల లోతు కావచ్చు. మనకు అతి దగ్గరి సముద్రం నిజామాబాద్ నుంచి సూటిగా గీత గీసినా నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉంది. దాని గుణం మనకెలా తెలుస్తుంది? తెలియకపోవడం తప్పు కాదు. 'గింత నీళ్లకేం అయితది' అనుకోవడమే ముప్పు.

ఎప్పుడు వెళ్లాలి?

పిల్లల సెలవులను బట్టి టిక్కెట్లు కొంటాం. సముద్రానికి మన బడి సెలవులతో పనిలేదు. వేసవి సెలవులు ముగిసేలోపు వెళ్లొద్దామని మే నెలాఖరును ఎంచుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గరికి జూన్‌లో వచ్చే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను మే మూడో వారం దాటగానే పలకరిస్తాయి. ఇక్కడ ఎండ మండిపోతుంటే అక్కడ ఈదురుగాలులు, వానలు, పడవల రద్దు మొదలవుతాయన్నమాట.

దసరా సెలవులకూ ఇదే హెచ్చరిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ అంతకు నాలుగు రోజుల ముందు అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ వెళ్లడానికి అదే మంచి కాలం. అలాగని ఆ నెలల్లో గాలీవానా రావని కాదు. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవడం ఏ నెలలోనైనా తప్పదు.

2016 డిసెంబరు మొదటి వారంలో ఏం జరిగిందో తెలుసా? వాయుగుండం వల్ల సముద్రం అల్లకల్లోలమై పడవలన్నీ ఆగిపోయాయి. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యటకులు చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం, తీర రక్షక దళం నౌకలు, హెలికాప్టర్లు వెళ్లి వాళ్లను తీసుకొచ్చాయి. ఆ వాయుగుండమే బలపడి వార్దా తుపానుగా మారి డిసెంబరు 12న చెన్నై మీద విరుచుకుపడింది.

ఇందులో మనకో పాఠం ఉంది. అండమాన్ ప్రయాణంలో అన్నిటికన్నా చవకైన బీమా ఒక ఖాళీ రోజు! చిన్న దీవుల్లో తిరగడమంతా ముందే ముగించుకుని, తిరుగు విమానానికి కనీసం ఒక రోజు ముందు రాజధాని చేరుకునేలా చూసుకోండి. అప్పుడు పడవ రద్దయినా కంగారుండదు. అదే రోజు విమానం ఉంటే 'ఎలాగైనా చేర్చు బాబూ' అని ఏ చిన్న పడవవాణ్నో బతిమాలతాం. ప్రమాదానికి మనమే దారి చూపిస్తాం. ప్రయాణ ఏజెంటు ఇచ్చే ప్యాకేజీలో అయిదు రోజుల్లో పది చోట్లు చూపిస్తామని ఉంటే సంబరపడకండి. రెండు చోట్లు తగ్గించమనండి.

అన్నట్టు పేర్ల విషయంలో తికమక పడొద్దు. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా మార్చారు. అంతకుముందు 2018 డిసెంబరులోనే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. టిక్కెట్ల మీద పాతపేరున్నా కొత్తపేరున్నా ఊరు ఒక్కటే.

పడవెక్కే ముందు...

2014 జనవరి 26. గణతంత్ర దినోత్సవం, ఆదివారం. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర రాస్ దీవి, నార్త్ బే మధ్య పర్యటకుల పడవ ఒకటి మునిగిపోయింది. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తమిళనాడులోని కాంచీపురం నుంచి సరదాగా వచ్చినవాళ్లు. 25 మందిని తీసుకెళ్లాల్సిన పడవలో 45 మందికి పైగా ఉన్నారు. ఆ రోజు తుపాను లేదు. తీరమూ అంత దూరం కాదు. ముంచింది జనం బరువే.

అంతదూరం ఎందుకు, మన గోదావరిలోనే చూశాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. నదిలో దాదాపు అయిదు లక్షల క్యూసెక్కుల వరద ఉన్నా ప్రయాణం ఆగలేదు. పడవలో ఉన్నది 77 మంది. యాభైమంది దాకా తిరిగి రాలేదు. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లలోనూ పలువురు ప్రాణాలు కోల్పోయారు. నది అడుగు నుంచి ఆ పడవను బయటికి తీయడానికే నెల రోజులకు పైగా పట్టింది.

ఈ రెండు ఘటనలూ పడవెక్కే ప్రతి కుటుంబానికీ మూడు ప్రశ్నలు నేర్పుతాయి. పడవలో ఎంతమందికి అనుమతి ఉంది? అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఈ రోజు సముద్రం మీద హెచ్చరిక ఏమైనా ఉందా? అనుమతి ఉన్న మనుషుల సంఖ్యను చాలా పడవల మీద రాసి ఉంచుతారు. ఎక్కాక కాదు, ఎక్కే ముందే తలలు లెక్కపెట్టండి. ఎక్కువనిపిస్తే దిగిపోండి. టిక్కెట్టు డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

లైఫ్ జాకెట్ సంగతి మరీ ముఖ్యం. మన తాతలు కట్టుకున్న జీలుగు బెండుకు ఇది మనవడు లాంటిది. బెండును పక్కన పెట్టుకుని ఎవరూ బావిలోకి దూకలేదు. జాకెట్‌నూ అంతే, సీటు కింద ఉంటే లాభం లేదు. ఒంటి మీద ఉండాలి, పట్టీలన్నీ బిగించి ఉండాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాకా జారిపోతే అది వదులు. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లలకు తొడిగితే నీళ్లలో పడగానే తల మీదుగా ఊడిపోతుంది. అందుకే పిల్లల కొలతది అడిగి తీసుకోండి. లేదంటే ఆ పడవ వద్దు. చీర కట్టుకున్నవాళ్లు కొంగు నడుముకు చెక్కుకుని, దాని మీద జాకెట్ వేసుకోవాలి. ఉక్కగా ఉందనీ, ఫొటోలో చీర కనబడదనీ మధ్యలో విప్పేయకూడదు.

పడవలో ఇంకో తప్పు తరచూ చేస్తాం. డాల్ఫిన్ కనిపించిందని ఎవరో అరవగానే అందరూ ఒకే వైపుకు పరుగెత్తుతాం. చిన్న పడవ ఒరగడానికి అది చాలు. కూర్చున్నచోటే కూర్చుని చూడండి. డాల్ఫిన్ ఎటూ పోదు!

పెద్ద దీవుల మధ్య తిరిగే నౌకల్లో ప్రమాద భయం తక్కువగానీ కడుపులో తిప్పడం ఎక్కువ. వాంతుల మాత్ర వాంతి వచ్చాక వేసుకుంటే పనిచేయదు. డాక్టరును అడిగి తీసుకుని, ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, నౌక మధ్యభాగంలో కూర్చుని, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోటు చూస్తూ ఉంటే ఇబ్బంది తగ్గుతుంది.

ఒడ్డునే ఉంది అసలు ముప్పు

పడవలో భయపడి జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఒడ్డుకు రాగానే నిశ్చింతగా ఉంటారు. మోకాలి లోతు నీళ్లే కదా అనుకుంటారు. ఇక్కడే ఒక కిటుకు తెలియాలి. అలలుగా ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోవాలి కదా. ఇసుక తిన్నెల మధ్య ఎక్కడో సందు దొరికితే ఆ నీళ్లన్నీ అందులోంచి వడిగా పోతాయి. చెరువు తూము ఎత్తినప్పుడు నీళ్లెలా లాక్కుపోతాయో అలాగే. చిత్రమేమిటంటే, ఆ ప్రవాహం ఉన్నచోట తరచూ అలలు విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ ఉండి మధ్యలో నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. పిల్లలకు భయం లేని చోటని మనం సరిగ్గా అక్కడికే తీసుకెళ్తాం!

ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ కాలువ వెడల్పు ఎక్కువ ఉండదు. దాన్ని దాటితే అలలే మళ్లీ ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ, ఒక చెయ్యి పైకెత్తి సాయం కోసం పిలవాలి. ఉప్పునీటిలో తేలడం బావిలో కన్నా తేలిక. బెదిరి కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే ముంచుతుంది.

పిల్లల విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉండాలి. పెద్దవాళ్ల చేతికి అందేంత దూరంలోనే వాళ్లు ఉండాలి. నీళ్లలో మునిగే పిల్లలు సినిమాల్లోలా 'కాపాడండి' అని అరవరు. ఊపిరే అందనప్పుడు అరుపెలా వస్తుంది? నోరు నీటి మట్టానికి వచ్చి, తల వెనక్కి వాలి, చప్పుడు లేకుండా మునిగిపోతారు. పక్కనే ఉన్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. పదిమంది పెద్దవాళ్లున్న గుంపులో ఎవరికి వారు 'ఇంకొకరు చూస్తున్నారులే' అనుకోవడం మరీ ప్రమాదం. అందుకే వంతులు వేసుకోండి. ఇరవై నిమిషాలు బాబాయి, తర్వాత ఇరవై నిమిషాలు అత్తమ్మ. వంతు ఉన్నవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు. పిల్లలకు నీలం, తెలుపు బట్టలు వేస్తే నీళ్లలో కనిపించరు. ఎరుపు, నారింజ రంగులు మేలు.

మరో విషయం మనవాళ్లకు తెలియనిది పొద్దు. దేశమంతా గడియారం ఒకటే అయినా అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది. డిసెంబరులో అయితే సాయంత్రం అయిదింటికే సూర్యుడు దిగిపోతాడు. ఇక్కడి అలవాటుతో నాలుగున్నరకు టీ తాగి తీరానికి బయల్దేరితే నీళ్లలో దిగేసరికి చీకటి పడుతుంది. అక్కడ పొద్దుపొడుపూ తొందరే. కాబట్టి పొద్దునే వెళ్లండి. మధ్యాహ్నం ఎండలో చెట్టు నీడన ఉండండి. అది కొబ్బరిచెట్టు మాత్రం కాకుండా చూసుకోండి. కాయ రాలితే తల పగులుతుంది.

ఫొటోల పిచ్చి గురించి చెప్పేదేముంది! 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య బండల మీద ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది ఉన్నట్టుండి వచ్చిన నీళ్లలో కొట్టుకుపోయారు. అక్కడ ఎగువనున్న లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు. సముద్రం దగ్గర పెద్ద అల. తేడా అంతే. తడిగా, నాచు పట్టి ఉన్న బండ మీదికి అంతకుముందే అల వచ్చి వెళ్లిందని అర్థం. అది మళ్లీ వస్తుంది. సముద్రానికి వీపు చూపించి నిలబడకండి. షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న రాతి వంతెన చూడటానికి నీరు తగ్గినప్పుడే వెళ్లాలి. పోటు ఎప్పుడు మొదలవుతుందో ముందే అడిగి, దానికి చాలాముందే వెనక్కి రావాలి.

మొసలి ఉంది... బోర్డు చదవండి!

'సముద్రంలో సొరచేపలుంటాయట' అని భయపడతారు చాలామంది. అండమాన్‌లో నిజంగా జాగ్రత్తపడాల్సింది ఉప్పునీటి మొసలి విషయంలో. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్‌లోని ప్రసిద్ధ రాధానగర్ తీరం పక్కనే నీళ్లలో ఉన్న ఒక అమెరికా యువతి మొసలికి బలైంది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసేచోట్లు వాటికి నెలవులు. చీకటిపడే వేళ, తెల్లవారుజామున అవి చురుగ్గా ఉంటాయి. వండూర్ వంటి చోట స్నానాలకు వల కట్టి హద్దు పెట్టారు. ఆ హద్దు లోపలే దిగాలి. మొసలి బొమ్మతో బోర్డు ఉంటే దాని పక్కన ఫొటో దిగి నీళ్లలోకి నడవడం కాదు, వెనక్కి నడవాలి. జీవరక్షకులు లేని తీరంలో స్నానం వద్దనుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

చిన్నచిన్న జీవులూ ఉన్నాయి. పగడాలు అంచు పదునైన రాళ్లలాంటివి. గీసుకుంటే పుండు త్వరగా మానదు. ముళ్లున్న సముద్రజీవులు ఇసుకలో దాక్కుంటాయి. అందుకే రబ్బరు అడుగున్న బూట్లతోనే నీళ్లలో దిగండి. జెల్లీచేప తగిలితే మంట పుడుతుంది. ఆ చోటును రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. సముద్రపు నీళ్లతోనే కడిగి, జీవరక్షకులకో డాక్టరుకో చూపించాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒడ్డున దొరికిన పగడం ముక్కలు, గవ్వలు సంచిలో వేసుకోవడం మాత్రం మానుకోండి. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. విమానాశ్రయంలో తనిఖీ చేసి పట్టుకుంటారు. బారాటంగ్ గుహలకు వెళ్లే దారి జారవా తెగవారి అడవి గుండా సాగుతుంది. అక్కడ బండి ఆపడం, ఫొటోలు తీయడం, తినుబండారాలు విసరడం నేరం. జైలు శిక్ష దాకా వెళ్తుంది. అది చట్టం సంగతి. మనుషుల్ని వింతగా చూడకూడదన్నది సంస్కారం సంగతి.

నీళ్ల కిందికి వెళ్తారా?

స్కూబా డైవింగ్, సీ వాక్ అంటే కుర్రకారుకు మోజు. శిక్షకుడు వెంట ఉండి తీసుకెళ్లే తొలి డైవింగ్‌కు ఈత రాకపోయినా ఫర్వాలేదంటారు. అయితే ముందుగా ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపిస్తారు. అందులో అబద్ధం రాయొద్దు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవిపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకూడదు. మామూలు జలుబు ఉన్నా ఆ రోజు ఆగిపోవడమే మంచిది. ముక్కు మూసుకుపోతే నీటి ఒత్తిడికి చెవిలోని పొర దెబ్బతింటుంది. లోపల ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టకూడదు. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి ఆ సరదాను చివరి రోజుకు వాయిదా వేయకండి. మళ్లీ ఇక్కడా ఆ ఖాళీ రోజే అక్కరకొస్తుంది.

నానమ్మ మందులు ఏ సంచిలో ఉన్నాయి?

చిన్న దీవుల్లో పెద్ద ఆసుపత్రులు ఉండవు. గుండెనొప్పి వంటిది వస్తే శ్రీ విజయ పురంలోని జీబీ పంత్ ఆసుపత్రికి చేరాలి. మధ్యలో సముద్రం. పడవలు ఆగిపోతే ఏమిటి దారి? అందుకే బీపీ, షుగరు మందులు ప్రయాణం రోజులకు రెట్టింపు తీసుకెళ్లండి. అవి చేతిసంచిలోనే ఉండాలి, విమానం పొట్టలో వేసే పెట్టెలో కాదు. ఇన్సులిన్ ఎండ తగలకుండా చూసుకోవాలి. ఈమధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరు ఒప్పుకొంటేనే బయల్దేరాలి. పెద్దవాళ్లకు చిన్న పడవల ప్రయాణం వద్దు. ఒడ్డున కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతూ మనవల్ని చూసుకోవడంలోనూ ఆనందం ఉంది. దోమలు, ఇసుకలో కుట్టే సన్నటి ఈగలు ఎక్కువ. నిండుచేతుల బట్టలు, ఒంటికి రాసుకునే దోమల మందు తప్పకుండా పెట్టుకోండి. తిరిగొచ్చాక రెండు వారాల్లో జ్వరం వస్తే అండమాన్ వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి.

భూమి కంపిస్తే...

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం తీవ్రత 9.1. ఆ సునామీకి అండమాన్ నికోబార్ దీవుల్లో మూడువేల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. మన కోస్తాలోనూ వందమందికి పైగా బలయ్యారు. దేశానికి దక్షిణపు కొసనున్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. అప్పుడు మనకు ముందుగా చెప్పే ఏర్పాటు లేదు. ఇప్పుడుంది. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్లు పనిచేస్తోంది. సముద్రం లేని నగరం నుంచి సముద్రానికి కాపలా అన్నమాట!

అయినా భూకంపం దగ్గర్లో వస్తే ఏ హెచ్చరికకైనా నిమిషాలే మిగులుతాయి. నిలబడలేనంతగా భూమి ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడినా వేడుక చూస్తూ నిలబడకండి. సామాను వదిలేసి ఎత్తుకు పరుగెత్తండి. మొదటి అల తగ్గిందని కిందికి దిగకండి, తర్వాతివి ఇంకా పెద్దవి కావచ్చు. లిటిల్ అండమాన్‌లోని ఓంగీ తెగవారు 2004లో చేసింది ఇదే. నీళ్ల తీరు చూసి ఎత్తైన చోటికి వెళ్లి ప్రాణాలు దక్కించుకున్నారు. ఏ యంత్రమూ లేకుండానే! హోటల్లో దిగిన రోజే ఎత్తుకు వెళ్లే దారి ఎటో పిల్లలకు చూపించండి. రెండు నిమిషాల పని.

అడగడానికి మనవాళ్లున్నారు

ఇన్ని జాగ్రత్తలు ఎలా గుర్తుంటాయని దిగులు పడకండి. అండమాన్‌లో అడిగి తెలుసుకోవడానికి మన భాషే ఉంది. 2011 జనగణన ప్రకారం అక్కడివారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఎందరో. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పిన బడులూ ఉన్నాయి. చేపల రేవులోనో బజారులోనో 'అన్నా, ఇక్కడ స్నానం చేయొచ్చా?' అని తెలుగులో అడిగితే జవాబు తెలుగులోనే రావచ్చు. ఆ నీళ్ల మీద బతికే మనిషి 'ఇవాళ వద్దు' అంటే వద్దు. ఏ ప్యాకేజీ కాగితమూ ఆ మాటకు సాటిరాదు.

ఆపదలో ఏం చేయాలి?

* ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దు. ఒకరికోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన కుటుంబాలున్నాయి. తాడు, చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, లైఫ్ జాకెట్... తేలేది, అందేది ఏదైనా విసరండి. జీవరక్షకుల కోసం కేకలేయండి.

* బయటికి తీసినవాళ్లను తలకిందులు చేయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో పాత అలవాటు. అది ప్రాణం మీదికి తెస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి గాలి ఊదండి. ఛాతీ మధ్య బలంగా, వేగంగా నొక్కుతూ మధ్యమధ్యలో గాలి ఊదుతూ సాయం అందేదాకా ఆపకండి. ఈ పద్ధతిని బయల్దేరేముందే తెలిసిన డాక్టరు దగ్గరో నర్సు దగ్గరో ఒకసారి నేర్చుకుంటే మేలు.

* తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల తర్వాత కనిపించవచ్చు.

* ఏ ఆపదకైనా 112. సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం నంబరు 1554. రెండూ ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ఫోన్లు పనిచేయని చోట్లుంటాయి. కాబట్టి నంబర్లు, హోటలు చిరునామా కాగితం మీద రాసి పిల్లల జేబుల్లోనూ పెట్టండి. పొద్దున బయటికి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో హోటలులో చెప్పండి.

ఇంట్లో అందరూ కూర్చుని టిక్కెట్లు చూసుకునే రోజున ఈ మాటలూ ఒకసారి అనుకోండి. పెద్దవాళ్లు 'ఏం కాదులే' అన్న మాటను ఇంట్లోనే వదిలిపెట్టాలి. పిల్లలు 'పిలవగానే నీళ్లలోంచి బయటికొస్తాం' అని మాటివ్వాలి. ఆపైన ఒక రోజు ఖాళీగా ఉంచుకుని బయల్దేరండి. సముద్రం శాంతంగా ఉండి ఆ రోజు మిగిలిపోయిందా... సెల్యులార్ జైలు గోడల మధ్య ఇంకో గంట గడపండి. ఒడ్డున పిల్లలతో ఇంకో ఇసుకగూడు కట్టండి. ఆ రోజు వృథా అయిందని ఏ కుటుంబమూ బాధపడదు!